టోకెను స్వరూప విమర్శనము

వాక్యార్థజ్ఞానమునకుఁ బదవిభాగము మొదటి మెట్టని మనవారెల్ల నెఱుఁగుదురు. ఋగ్వేద సంహితకుఁ బదపాఠము చేసిన శాకల్యుఁడు పదములను వేఱుచేసి యూరకుండలేదు. ప్రగృహ్యమైన పదమునకుఁ బిమ్మట ‘ఇతి’ శబ్దమును జేర్చెను. సమాసావయవముల నడుమ నవగ్రహము నుంచెను. పదమును విడఁదీయునప్పుడు దానివెంట నేయే సమాచారమును బంపవలయునను ప్రశ్న యంత ప్రాచీనమైనది. నేఁడు కంప్యూటరులకై కల్పింపఁబడిన ప్రోగ్రామింగు భాషలయందు నా ప్రశ్నయే మఱియొక రూపమున నిలిచియున్నది. ఆ భాషలలోఁ బదవిభాగముచే నేర్పడు తునుకకు టోకెనని పేరు. టోకెనును యంత్రములోపల నే రూపమున నిలుపవలయునను విషయమున భాషానిర్మాతలలో భిన్నమతములు గలవు. వాని గుణదోషముల నించుక విమర్శించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఇది శిల్పుల పనియే గాని మనకేలయని పండితు లుపేక్షింపఁదగదు. తెలుఁగు పదమొకటి ప్రోగ్రాములోఁ బేరుగాఁ జెల్లునా చెల్లదా యనుటయు నీ నిర్ణయముమీఁదనే యాధారపడియున్నదని కడపటఁ జూపెదను.

మొదట విషయస్వరూపము. ప్రోగ్రాము కర్త వ్రాసినది యంత్రమునకు వట్టి యక్షరముల వరుస. దానిని జదివి యక్షరములఁ గూర్చి టోకెనులఁ జేయు భాగమునకు లెక్సరని పేరు. ఆ టోకెనుల వరుసను గైకొని వాక్యనిర్మాణమును గనిపెట్టు భాగము పార్సరు. ‘మొత్తము = ధర * 12 ;’ అను పంక్తిని దీసికొందము. ఇందు లెక్సరు ‘మొత్తము’, ‘=’, ‘ధర’, ‘*’, ‘12’, ‘;’ అను నాఱు టోకెనుల నిచ్చును. ఒక్కొక్క టోకెనునకు నాలుగంగములు విచార్యములు. మొదటిది జాతి: అది పేరా, సంఖ్యయా, చిహ్నమా యనునది. రెండవది రూపము: వ్రాసినవాఁడు వ్రాసిన యక్షరములు. మూఁడవది విలువ: ‘12’ అను రెండక్షరములచేఁ దెలియవచ్చు సంఖ్య. నాలుగవది స్థానము: ఎన్నవ పంక్తిలో నెన్నవ యక్షరమున నది యున్నదనుట. వాక్యనిర్మాణమునకై పార్సరు ముఖ్యముగాఁ జూచునది జాతిని మాత్రమే. పేరు ‘ధర’ యైనను ‘వెల’ యైనను దానికి సమానమే. వివాదమంతయు నిక్కడఁ బుట్టినది. పార్సరునకు జాతి చాలునన్నచోఁ దక్కిన మూఁడంగముల నెవరు మోయవలయును?

జాతిమాత్రవాదుల మతమును మొదటఁ బరిశీలింతము. 1975లో బెల్ ప్రయోగశాలలయందు మైక్ లెస్కు, ఎరిక్ ష్మిట్టులు లెక్సు అను సాధనమును, స్టీఫెన్ జాన్సను యాక్కు అను సాధనమును వెలువరించిరి. మొదటిది లెక్సరులను, రెండవది పార్సరులను నిర్మించియిచ్చును. వీనియందు టోకెనన నొక సంఖ్య మాత్రమే. ఏకాక్షరచిహ్నమున కా యక్షరముయొక్క సంఖ్యయే టోకెను. పేరుగల జాతులకు 256నకుఁ బైనున్న సంఖ్యలు. విలువ యున్నచో దానిని వేఱుగా నొక యుమ్మడి స్థలమునం దుంతురు. లాఘవమున నీ పద్ధతి మెచ్చఁదగినది. నాఁటి యంత్రముల స్మృతి మిక్కిలి స్వల్పమగుటచే నిట్టి మితవ్యయ మావశ్యకమునై యుండెను. ఐనను జాతి యొకచోట, విలువ మఱియొకచోట నుండుటచేత నొకదానిఁ బట్టుకొని రెండవదానిని జాఱవిడుచుట సులభమైనది. స్థానమునకు మొదట నియతమైన తావే లేదు. తరువాతఁ బుట్టిన బైసను అను సాధనమున గాని దాని కొక ప్రత్యేకస్థల మేర్పడలేదు. స్థానము పోయినచో నేమి నష్టమని యందురేమో. గురువు శిష్యుని పలకఁ జూచి ‘తప్పు’ అని మాత్రము చెప్పి, యెక్కడఁ దప్పినదో చూపకున్న నా శిష్యునకుఁ గలుగు లాభమెంత? వాక్యదోషము గలదని మాత్రము చెప్పి యూరకుండు కంపైలరు నట్టి గురువే.

ఇఁక ఖాళీల సంగతి. జాన్ బ్యాకసు నాయకత్వమున 1957లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన ఫోర్ట్రాను భాషలో నక్షరముల నడిమి ఖాళీలకు గణన లేదు. ఆంగ్లలిపిలోని వాక్యమును మనలిపిలోఁ జూపుచున్నాను: ‘డూ 10 ఐ = 1, 25’. ఐ యను రాశి 1 మొదలు 25 వఱకు నడచుచుండఁగా, 10 అను గుఱుతుగల పంక్తివఱకుఁ గల పనిని మరలమరలఁ జేయుమని దీని యర్థము. ఇందుఁ గామాకు మాఱుగాఁ జుక్క పడినచో ‘డూ10ఐ’ యను నొక పేరునకు 1.25 అను విలువ నిమ్మని యర్థము మాఱును. కాఁబట్టి పంక్తి మొదటనున్న ‘డూ’ స్వతంత్రపదమా, పేరులోని తునుకయా యనుట పంక్తి కడపటి చిహ్నమును జూచినఁగాని తేలదు. పదముల నడుమఁ గర్త బుద్ధిపూర్వకముగా నుంచిన యెడమును మొదటనే త్రోసివేసి, పిమ్మట నా విభాగమునే యూహచేత సాధింపఁబూనుట వ్యర్థప్రయాసము. మూఁడు దశాబ్దములకుఁ బైగా గడచిన పిమ్మట, 1991లోఁ బ్రమాణముగా వెలసిన ఫోర్ట్రాను 90 ఖాళీలకు గణనగల స్వేచ్ఛారూపము నంగీకరించినది.

పీటర్ నౌరు సంపాదకత్వమున 1960లో వెలువడిన ఆల్గాల్ 60 నివేదిక మాత్ర మీ విషయమున గొప్ప వివేకమును జూపినది. అందు ‘బిగిన్’ వంటి పదము లక్షరసముదాయములు గావు. ఒక్కొక్క టఖండమైన చిహ్నము. భాష కాధారరూపము వేఱు, ముద్రణరూపము వేఱు, యంత్రములం దెక్కించు రూపము వేఱని యా నివేదిక మూఁడంతరువులఁ జెప్పినది. జాతియు రూపమును భిన్నములని యింత స్పష్టముగా నంతకుముందు చెప్పినవారరుదు. కాని యంత్రరూపమును నిర్ణయింపక యెవరి యిచ్చకు వారికి విడిచిపెట్టుట దోషమైనది. ఒకచోట నట్టి పదములఁ గొటేషను గుఱుతుల నడుమ వ్రాసిరి. వేఱొకచోటఁ గ్రిందిగీఁత గీసిరి. అందుచే నొక యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాము రెండవ యంత్రమునఁ జదువఁబడక పోయెను. జాతిని రూపమునుండి వేఱుచేయుట గుణము. రూపము నుపేక్షించుట దోషము.

పైఁ జూపినవన్నియుఁ బోఁగొట్టుటవలనఁ గలిగిన దోషములు. వీనిని లోపదోషము లందము. ఇంతకంటె సూక్ష్మమైనది మఱియొక దోషము గలదు: తనకుఁ దెలియరాని దానిని లెక్సరు ముందుగా నిర్ణయించుట. దీని కకాలనిర్ణయమని పేరుపెట్టుచున్నాను.

సీ భాషలోని ‘క * చ ;’ అను వాక్యమును జూడుఁడు. ‘క’ యొక జాతిపేరుగా ముందు ప్రకటింపఁబడియుండెనేని, ‘చ’ యనునది ‘క’ జాతి వస్తువుండు చోటును దెలుపు రాశియని ప్రకటన. అట్లుకాక ‘క’ సామాన్యరాశియైనచో నిది గుణకారము. అక్షరములను జూచిన మాత్రమున నీ భేదము తెలియదు. సీ కంపైలరులలోఁ బూర్వమునుండి వచ్చు నాచారమేమనఁగా, పార్సరు జాతిపేరుల నొక పట్టికలో వ్రాసియుంచును. లెక్సరు ప్రతి పేరునకు నా పట్టికను దిరుగవేసి, టోకెనునకు ‘జాతిపేరు’ అనియో ‘సామాన్యనామము’ అనియో ముద్రవేయును. పని జరుగును, కాని మొదట రావలసినవాఁడు వెనుకవచ్చువాని నడిగి నడచుచున్నాఁడు. పార్స రొక్క యడుగు వెనుకఁబడినను ముద్ర తప్పును. లెక్సరు దీనిని ‘పేరు’ అని మాత్రము చెప్పి, విశేషనిర్ణయమును సందర్భ మెఱిఁగిన పై భాగమునకు విడుచుట మేలు.

దీర్ఘగ్రహణ నియమమును నిట్టిదే. లెక్స రెప్పుడును సాధ్యమైనంత పొడవుగల టోకెనును గ్రహింపవలయునని యనేకభాషల నియమము. అందుచే సీ భాషలో ‘అ+++++ఆ’ యని వ్రాసినచో లెక్సరు దానిని ‘అ ++ ++ + ఆ’ యని విడఁదీయును. అది వాక్యము గానేరదు. ‘అ++ + ++ఆ’ యని విడఁదీసినచో వాక్యమగును గాని లెక్సరు వెనుకకు మరలదు. ఇది యెవరును వ్రాయని వాక్యమని త్రోసివేయవచ్చును. సీ++ భాషలో నిదియే నిత్యజీవితబాధ యైనది. ‘పట్టిక<పట్టిక<సంఖ్య>>’ అని సహజముగా వ్రాయఁగా, కడపటి రెండు చిహ్నములను గలిపి లెక్సరు ‘>>’ అను వేఱొక క్రియాచిహ్నముగాఁ జదివెను. 1998 ప్రమాణము ననుసరించువా రందఱు నా రెంటి నడుమ ఖాళీ నుంచవలసివచ్చెను. 2011 ప్రమాణమునఁ గాని, సందర్భమును బట్టి యా చిహ్నమును రెండుగాఁ జీల్చుట కనుమతి రాలేదు. రస్టు భాషయందలి ప్రక్రియ యిచటఁ బ్రశంసార్హము. ఆ భాషలో మాక్రోలు వ్రాయువారి కందు టోకెనులలోఁ బ్రతి చిహ్నము నేకాక్షరముగనే యుండును; తరువాతి చిహ్నముతో నెడములేక యంటియున్నదా, విడిగా నున్నదా యను గుఱుతు మాత్రము దానివెంట వచ్చును. కలుపుటయో విడుచుటయో పైవారి నిర్ణయము. లెక్సరు తాను జూచినది చెప్పెను, చూడనిది చెప్పలేదు.

లెక్సరు స్వతంత్రముగా నడువనేరని తావులు లేవా యందురేని, కలవు. 1995లోఁ బుట్టిన జావాస్క్రిప్టునందు ‘/’ అను చిహ్నము భాగహారమును గావచ్చును, అక్షరనమూనాకు మొదలును గావచ్చును. రెండవపక్షమున దాని వెనుకనున్న యక్షరములకు విభాగనియమములే వేఱు. ఆ భాషయొక్క ప్రమాణగ్రంథ మీ సంగతిని దాఁపక, సందర్భమునుబట్టి లెక్సరు లక్ష్యము మాఱునని స్పష్టముగా నిర్వచించినది. పరతంత్రత తప్పనిచో దాని నిట్లు బహిరంగముగా నొప్పుకొనుట న్యాయము.

మరల లోపదోషములకు వత్తము. ప్రోగ్రాములో వ్యాఖ్యలని కొన్ని వాక్యము లుండును. అవి యంత్రమునకుఁ గాక చదువరికి వ్రాయఁబడినవి. కంపైలరునకు వానితోఁ బనిలేదు గావునఁ బెక్కు లెక్సరులు వానిని విడిచివేయును. కాని ప్రోగ్రామును జదివి దిద్దియిచ్చు సాధనములు నేఁడు వాడుకలోనికి వచ్చినవి. తాళపత్రమునకుఁ బ్రతి వ్రాయు లేఖకుఁడు మూలమును మాత్రము దించి టీకను విడిచెనేని వానిని మెత్తుమా? సీ షార్పు భాషకు మైక్రోసాఫ్టు సంస్థ నిర్మించి 2014లో మూలముతో వెల్లడించిన రోస్లిను అను కంపైలరున నీ లోపము లేదు. అందు ఖాళీలను వ్యాఖ్యలను బ్రతి టోకెనునకు ముందువెనుకల నంటించి నిలుపుదురు. టోకెనుల వరుసనుండి మూలపాఠము నక్షరము పొల్లుపోకుండ మరలఁ బొందవచ్చును. గో భాషయందలి పద్ధతి వేఱు: అందు వ్యాఖ్యలు నిలుపఁబడును గాని వాక్యవృక్షముతోఁ గలియక యొక ప్రత్యేకపట్టికలో స్థానమును బట్టి యుండును. చదువుటకు మాత్రమైన నది చాలును. వాక్యమును గదల్చినప్పుడు వ్యాఖ్య పాతతావుననే నిలిచి యన్యవాక్యమున కంటుకొనుట గలదు.

పైథాను భాషతో వచ్చు టోకెను గ్రంథాలయము మన పంచాంగమువలె నైదంగములు గలది: జాతి, రూపము, ఆదిస్థానము, అంతస్థానము, టోకెనున్న పంక్తి. వ్యాఖ్యలును నందు టోకెనులే. ఆ భాషలోఁ బంక్తి మొదటి యెడము వాక్యసముదాయమును దెలుపును గావున, ఎడము పెరిగినప్పు డొకటియుఁ దగ్గినప్పు డొకటియు టోకెనులు పుట్టును. ఫోర్ట్రానున గణనకు రాని ఖాళీయే యిందుఁ బదవి గాంచినది.

ఇచ్చటఁ బూర్వపక్షి యిట్లనును: ‘ప్రతి టోకెనునకు జాతి, రూపము, విలువ, స్థానము, ఎడములు, వ్యాఖ్యలు తగిలించినచో గౌరవదోషము రాదా? లక్షలకొలఁది టోకెనులు గల ప్రోగ్రామును జదువు యంత్రము మందగింపదా?’ ఈ యాక్షేపము బలవత్తరమైనది. దీనికి సమాధానము క్లాంగు అను కంపైలరున దొరకును. మూలపాఠ మెట్లును స్మృతిలో నున్నది గదా; టోకెనునకు దాని యాదిస్థానమును బొడవును దెలిసినచో రూపమును వేఱుగా మోయనక్కఱలేదు, కోరినప్పుడు మూలమునుండి చదువుకొనవచ్చును. ఆ కంపైలరున స్థానము ముప్పదిరెండు బిట్టుల సంఖ్యలో నిముడును. ఖాళీని విడిచినను, టోకెనునకు ముందు ఖాళీ యుండెనా, అది పంక్తి మొదటిదా యను రెండు గుఱుతులు మాత్ర మొక్కొక బిట్టుగా నిలుపఁబడును. సీ భాషలో మాక్రోపేరునకును దాని పిమ్మటి కుండలీకరణమునకును నడుమ ఖాళీయున్న నొక యర్థము, లేకున్న వేఱొక యర్థము గావున నీ గుఱు తావశ్యకము. తెలుఁగున ద్రుతము లోపించినను, పరుషము సరళమై దాని యునికిని దెలుపుచుండుట మనకుఁ దెలిసినదే గదా. వస్తువు పోయినను దాని ఫలము పోరాదు.

విలువ విషయమున లాఘవము మఱింత సులభము. ‘1.10’ అనియు ‘1.1’ అనియు వ్రాసినవాని విలువ యొక్కటియే, రూపములు వేఱు. మొదటనే విలువగా మార్చి రూపమును బాఱవేసినచోఁ గర్త యే రూపమున వ్రాసెనో మరలఁ దెలియదు. రూపమునుండి విలువను సాధింపవచ్చును. విలువనుండి రూపమును సాధింపరాదు. గో భాషాసాధనములు సంఖ్యను వ్రాసిన యక్షరములతోడనే వాక్యవృక్షమున నిలుపుట యీ కారణముచే యుక్తము. కావున దేనిని మోయవలయునను ప్రశ్నకు నొఱపుఱా యిది: తక్కినవానినుండి సాధింపఁదగినదానిని విడువవచ్చును, సాధింపరానిదానిని విడువరాదు.

కడపట మన భాష సంగతి. యూనికోడునందుఁ దెలుఁగు హల్లులును నచ్చులును నక్షరములని లెక్కింపఁబడినవి. కొమ్ము, గుడి, ఏత్వము, సున్న, పొల్లు మొదలైనవి యక్షరముల నాశ్రయించు చిహ్నములని వేఱు తరగతిలోఁ జేర్పఁబడినవి. గో భాషానిర్వచనమునఁ బేరులో నక్షరములు, అంకెలు, క్రిందిగీఁత మాత్రమే యుండవలయును. దీని ఫలితము విచిత్రము. ‘పలక’ యను పేరు చెల్లును. ‘బలపము’ చెల్లదు, అందుఁ గొమ్ము గలదు. గుణింతములేని పదములతో నెంత తెలుఁగు వ్రాయఁగలము? అంతేకాక, యా భాషలో నొక ప్యాకేజీనుండి వెలికిఁ దెలియవలసిన పేరు పెద్దక్షరముతో మొదలు గావలయును. పెద్దక్షర చిన్నక్షర భేదమెఱుఁగని మన లిపిలో నది యసాధ్యము.

ఆ భాషాకర్తలు దీని నెఱుఁగక చేసినవారు గారు. ఆశ్రితచిహ్నములను బుద్ధిపూర్వకముగా వదలితిమనియు, అందుచే దేవనాగరి మొదలగునవి వెలివడుచున్నవనియు వారే చెప్పిరి. వారి యుపపత్తి యిది: ఒకే పదమును యూనికోడున రెండు విధముల వ్రాయవచ్చును, ఆ రెంటి నేకముగా నెంచు సిద్ధరూపము నిశ్చితముగానంత కాలము సందేహము తప్పదు. ఈ భయము నిరాధారము గాదు. మన ఐత్వచిహ్నము నొక్క గుఱుతుగా వ్రాయవచ్చును. ఎత్వచిహ్నమును దాని క్రిందిగుఱుతును రెండుగాను వ్రాయవచ్చును. కంటి కొక్కటియే, యంత్రమునకు రెండు. ‘కైత’ యని యొకఁడు మొదటివిధమునఁ బేరుపెట్టఁగా మఱియొకఁడు రెండవవిధమున వ్రాసినచో నవి భిన్నవస్తువులగును.

కాని రోగమునకు మందుండఁగా నంగమును ఖండింపనేల? 2008లో వెలువడిన పైథాను 3 ఆశ్రితచిహ్నముల నంగీకరించి, పేరులనెల్ల యూనికోడు విధించిన యొక సిద్ధరూపమునకు మార్చి పోల్చును. టోకెను రూపము వ్రాసినట్లే యుండును. వస్తువును గుర్తించుటకు మాత్రము సిద్ధరూపము. అందుఁ ‘బలపము’ను జెల్లును, ‘కైత’ రెండువిధముల వ్రాసినను నొక్కటియే యగును. రూపమును గుర్తింపుసాధనమును నొక్కటిగా నెంచుటయే పూర్వపక్షి భ్రాంతి. ఆ రెంటిని వేఱుచేసినచో సందేహము తొలఁగును. ఐనను బైథానును సంపూర్ణము గాదు. ‘సాఫ్ట్‌వేరు’ వంటి యన్యదేశ్యములలోఁ బొల్లును విడిగా నిలుపుటకు మనము వాడు కంటఁబడని విరామాక్షరమును బేరులో నది యంగీకరింపదు. జావాస్క్రిప్టు దాని నంగీకరించును గాని సిద్ధరూపమునకు మార్పదు; అందుచేఁ గంటి కొక్కటిగాఁ దోఁచు రెండు పేరులు యంత్రమున వేఱు గావచ్చును. ఇందు సర్వసమ్మతమైన మార్గ మింకను నిర్ణీతము గావలసియున్నది. ఆ నిర్ణయమునకుఁ దెలుఁగు లిపితత్త్వ మెఱిఁగినవారి సాయము కావలయును. మనము మౌనము వహించినచో నితరు లేర్పఱచినదే శాసనమగును.

పర్యవసాన మిది. లెక్సరు సాక్షి, పార్సరు న్యాయాధికారి. సాక్షి చూచినదానిని దాఁపరాదు, చూడనిదానిని జెప్పరాదు. జాతి, ఆద్యంతస్థానములు, ఎడముల గుఱుతులు టోకెనువెంట నుండవలయును. మూలపాఠ మక్షరలోపము లేక నిలువవలయును. విలువయు విశేషజాతియుఁ దరువాత సాధ్యములు. ఈ ధర్మమును బాటించిన యంత్రము తప్పును జూపఁగలదు, వ్యాఖ్యను గాపాడఁగలదు, తెలుఁగు పేరును జదువఁగలదు. ఇందలి యుక్తాయుక్తములను విద్వాంసులు పరిశీలించి, లోపము లున్నచో దిద్దుదురు గాక.